నలుపలకల పిన్నుతో సిరిసిల్ల దాకా

తెలంగాణలో బస్సులూ బడులూ బొగ్గు గనులూ అన్నీ ఒక్కసారే సమ్మె కట్టిన ఆ దసరా ముందు, మా కాకినాడ నుంచి బయల్దేరి సిరిసిల్ల వెళ్లొచ్చాను. తిరిగొచ్చాక "ఏం చూశావమ్మా అక్కడ?" అని అడిగినవాళ్లకి ఏం చెప్పాలో తోచలేదు. నిజం చెప్పాలంటే గోడలు చూశాను. ఏ ఊళ్లో దిగినా, ఎవరింట్లో అడుగుపెట్టినా, మనుషుల మొహాల కన్నా ముందు నా కళ్లు గోడల మీదికే పోయేవి. ప్లగ్గు ఎక్కడుంది, అందులో కరెంటు ఉందా, నా చార్జరు అందులో దూరుతుందా అని.

పని చూస్తే చాలా చిన్నది. మేము బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు మా భవనానికి కాపలా ఉండే వెంకటేశానిది సిరిసిల్ల. వాళ్లింటి వెనక రేకుల షెడ్డులో అతనికో సాంచె ఉంది. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం, ఆ ఊళ్లో అలాగే అంటారు. అతను గల్ఫుకి వెళ్లాక కొన్నాళ్లు ఎవరో నడిపారు, తర్వాత మూలపడింది. భార్య సుగుణ దాన్ని పాత ఇనుము కింద అమ్మేద్దామంది, ఇతనూ సరేనన్నాడు. సెలవులకి నేను మంచిర్యాలలో మా చిన్నాన్నగారింటికి వెళ్తున్నానని తెలిసి ఫోన్ చేశాడు.

"మేడం, ఒక్క పని చేసి పెట్టుండ్రి. మా సాంచెను తూకానికి పెట్టకముందు వీడియో తియ్యిండ్రి. ఆగి ఉన్నది తియ్యద్దు, నడుస్తుంటె తియ్యిండ్రి. ఆగినంక గది ఇనుమే. నడిచే సప్పుడు నాకు ఒక్కపారి వినాలె."

ఇనుము కొనేవాడు శుక్రవారం వస్తాడట. గురువారానికల్లా నేనక్కడ ఉండాలి. మంచిర్యాల నుంచి సిరిసిల్ల ఎంత దూరం గనక, సరే అనేశాను. మా వీధిలో మాత్రం అందరూ గుండెల మీద చెయ్యేసుకున్నారు. "ఇప్పుడా? అక్కడికా? నీ మాట వినగానే పట్టేస్తారు" అన్నారు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం, ఎవరైనా వద్దంటే ఇంకా ఎక్కువ. కాకినాడ కాజాల డబ్బా ఒకటి, కెమెరా ఒకటి సంచిలో పడేసుకుని బయల్దేరాను.

కెమెరా మనామాలో కొన్నది. దాని చార్జరు గోడకే అతుక్కునే గడ్డలాంటిది, వెనక మూడు బండ పిన్నులు, నలుపలకలుగా ఉంటాయి. మన గోడల్లో ఉండేవి గుండ్రటి కన్నాలు. అందుకని మధ్యలో పెట్టుకునే పిన్ను ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకునేదాన్ని. రైల్లో చార్జింగు పెట్టాను. దిగేటప్పుడు చార్జరు లాక్కుని పిన్నుని రైలుకే వదిలేశాను. ఆ సంగతి చిన్నాన్నగారింట్లో అందరి ఫొటోలూ తీసి, బ్యాటరీ సగానికి పైగా ఖాళీ చేశాక తెలిసింది.

జగిత్యాల

బస్సుల్లేక మంచిర్యాలలో ఎక్కిన జీపులో జనం ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే వీలు లేదు, ఎందుకంటే కొందరి కాళ్లే కనిపిస్తున్నాయి. చార్జీ మామూలు కన్నా రెండింతలు. అదేమిటని అడిగితే డ్రైవరు "సమ్మె రేటమ్మా" అన్నాడు, అదేదో సర్కారు గెజిట్లో వేసినట్టు. నా పక్కన కూర్చున్నావిడ పేరు గంగవ్వ. కూతుర్ని చూసి వస్తోందిట. నా మాట రెండు ముక్కలు వినగానే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏడికెల్లి అచ్చినవ్ బిడ్డా? ఒక్కదానివే అచ్చినవా?"

కాకినాడ అన్నాను. ముందు సీట్లో ఇద్దరు మెడలు తిప్పి చూశారు. నాకు మా వీధివాళ్ల మాటలు గుర్తొచ్చాయి. గంగవ్వ మాత్రం నా ఒళ్లో సంచి వంక చూసి, "గా డబ్బాల ఏమున్నయ్?" అంది. కాజాలన్నాను. ఆ తర్వాత నన్నెవరూ ఏ ఊరని అడగలేదు.

జగిత్యాలలో లాడ్జీలకి తాళాలు. ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టొకటి సగం షట్టరు కింద తెరిచుంటే వంగి లోపలికి వెళ్లాను. నాక్కావలసిన పిన్నేదో ఆ కొట్టాయన నా చార్జరు చూడకుండానే చెప్పాడు. "గవి మాకు బాగ పోతయ్ మేడం, అందరి సామాన్లు గల్ఫువే కద. హైదరాబాదుకెల్లి మాలు అస్తలేదు. సమ్మె అయినంక రాండ్రి." సమ్మె ఎప్పుడవుతుందని అడిగాను. "తెలంగాణ అచ్చినంక" అన్నాడు. నేను గురువారం సంగతి మాట్లాడుతున్నాను, ఆయన చరిత్ర సంగతి మాట్లాడుతున్నాడు.

గంగవ్వ నన్ను తన ఇంటికే తీసుకుపోయింది. మక్క గారెలు పెట్టింది. పచ్చి మొక్కజొన్న గింజలు రుబ్బి, పచ్చిమిరపకాయలు దంచి వేసి చేస్తారు. మా వైపు గారెంటే మినప్పప్పే, మధ్యలో చిల్లి ఉండాలి. ఇవి చిల్లి లేకుండా, కొంచెం తియ్యగా, కొంచెం కారంగా ఉన్నాయి. ఒకటి తిని మొహమాటపడ్డాను, ఆ తర్వాత మొహమాటం మానేశాను.

కరెంటెప్పుడొస్తుందని వాడలో అందరినీ అడిగాను. ఒకరు పొద్దున్నే అన్నారు. ఒకరు పొద్దుగూకి అన్నారు. ఒకాయన మాత్రం "అచ్చినప్పుడు అస్తది, పోయినప్పుడు పోతది" అన్నాడు, చివరికి ఆయన మాటే నిజమైంది. గంగవ్వ మరిది రాజన్న నా చార్జరుని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు వైరు ముక్కలు చెక్కి, ఒక్కో పిన్నుకీ ఒక్కోటి చుట్టి, రెండో కొసల్ని గోడ కన్నాల్లో దోపి అగ్గిపుల్లలతో బిగించాడు. "ఇగ కరెంటు అచ్చుడే తరువాయి" అన్నాడు. అంతా వేలాడుతోంది. నాకు దాని దగ్గరికి వెళ్లాలంటేనే భయమేసింది, అయినా దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం గంగవ్వ వెంట బతుకమ్మ చూడ్డానికి వెళ్లాను. తంగేడు పూలూ గునుగు పూలూ పళ్లెంలో పేర్చి, నడిమధ్య పెట్టుకుని ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. పాటలో ఒక చరణం గౌరమ్మ మీద, ఇంకో చరణం ఉద్యమం మీద. ఎక్కడ దేవత ఆగి ఎక్కడ రాష్ట్రం మొదలవుతోందో నాకు తెలియలేదు. వాళ్లకి తేడా ఉన్నట్టు లేదు. మేం అక్కడుండగానే కరెంటొచ్చింది. నేను లోలోపల చప్పట్లు కొట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి మళ్లీ పోయింది. ఫరవాలేదు, ఎంతో కొంత ఎక్కుంటుంది కదా అని తడుముకుంటూ గోడ దగ్గరికి వెళ్తే, అక్కడ చార్జరు లేదు. గూట్లో ఉంది. బట్టలో చుట్టి, వైరు ముక్కలు విడిగా, అగ్గిపుల్లలు విడిగా పెట్టి ఉన్నాయి.

"నేనే తీసి పెట్టిన బిడ్డా" అంది గంగవ్వ సంతోషంగా. "కరెంటు పోంగనే అన్ని గుంజి పెట్టాలె. అచ్చేటప్పుడు ఒక్కపారే గుంజుకస్తది, కాలబెడ్తది. మా టీవీ గట్లనే పోయింది. నీది మంచి కెమెరాయె, పరాయి సొమ్మాయె, నాకు పానం ఒప్పలే."

అంటే మేం బయల్దేరే ముందే ఆవిడ దాన్ని భద్రంగా దాచిందన్నమాట. ఆ వాడలో ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి. కరెంటు పోయిన వెంటనే ఆడవాళ్లు ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకేస్తారు, మళ్లీ వచ్చి నిలబడిందని నమ్మకం కుదిరాక పెడతారు. నాకు అరవాలనిపించింది. ఆవిడ మొహం చూస్తే నవ్వొచ్చింది. రెండూ చెయ్యలేక ఇంకో గారె తిన్నాను.

పొద్దున్నే రాజన్న సలహా చెప్పాడు. "మేడం, మీరు కోరుట్ల పోండ్రి. ఆడ మా దోస్తు గంగారెడ్డి అని ఉన్నడు. షార్జాల ఎలక్ట్రీషన్ చేసి అచ్చిండు. ఆయన ఇంట్ల బోర్డులే ఆడివి."

సిరిసిల్లకి నేను దక్షిణంగా వెళ్లాలి, కోరుట్ల పడమర. చార్జింగు కోసం ఊరు మార్చుకున్న యాత్రికురాలు లోకంలో ఇంకెవరైనా ఉంటే చూడాలని ఉంది.

దారిలో

కోరుట్ల ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకడ్డంగా రాళ్లు. వాటి వెనక పొయ్యిలు. ఊరు ఊరంతా రోడ్డు మీదే వంట చేస్తున్నారు. దాన్ని వంటావార్పు అంటారు, అదీ ఒక నిరసనే. మా వైపు రోడ్డు ఆపితే టైర్లు తగలబెడతారు, ఇక్కడ పప్పు ఉడకబెడుతున్నారు. జీపు దిగి నిలబడ్డాను. ఆకలిగా ఉంది. తినొచ్చో లేదో తెలియదు, ఎవరి మీద నిరసనో వాళ్లు వచ్చి ఆ అన్నమే తింటే ఏమవుతుంది?

టెంటు కింద మైకు సెట్టు పెద్ద బ్యాటరీతో మోగుతోంది. నా కళ్లు దాని మీదే. మైకాయన దగ్గరికి వెళ్లి చార్జరు చూపించాను. అతను పిన్నులు చూసి తలూపాడు. "గిది నాతోని కాదక్కా" అని మైకులోనే అనేశాడు. మొత్తం రోడ్డుకి వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు.

తలపాగా చుట్టుకున్న పెద్దాయన వచ్చి ఎవరు ఏమిటని అడిగాడు. చెప్పాను. పక్కనున్న కుర్రాడు వెంటనే అందుకున్నాడు. "మా బొగ్గు, మా కరెంటు మీ ఊర్లకే పాయె. ఇంక మీకు ఈడ గూడ చార్జింగ్ గావాల్నా?"

మా ఊళ్లోనూ కరెంటు పోతుందని చెప్పబోయాను. అతను నమ్మడనిపించింది. నమ్మినా ఏం లాభమో నాకు తెలియలేదు. అది నా తప్పో కాదో, అతని కోపం న్యాయమో కాదో అక్కడ నిలబడి తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. పెద్దాయన మాత్రం విస్తరి నా చేతికిచ్చాడు.

"లొల్లి లొల్లే, అన్నం అన్నమే. కూసో బిడ్డా. పోరడా, అక్కకు పచ్చిపులుసు పొయ్."

ఆ కుర్రాడే వచ్చి పోశాడు. చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు వేసి, కాచకుండా కలిపే పులుసది. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. రెండోసారి అడిగి పోయించుకున్నాను. "ఎందుకు అచ్చినవక్కా గింత దూరం?" అని అతనే అడిగాడు. వెంకటేశం సాంచె సంగతి చెప్పాను. అతను లేచి వెళ్లి మా జీపు పోయేంత మేర రాళ్లు పక్కకి జరిపాడు.

కోరుట్ల

గంగారెడ్డిగారి ఇల్లు లేత గులాబీ రంగులో ఉంది. వసారాలో చెప్పులు విడుస్తూనే గోడ చూశాను. తెల్లటి బోర్డు. అందులో మూడు నలుపలకల కన్నాలు. పక్కనే ఇంకోటి. వంటింట్లో, పడగ్గదిలో, ఆఖరికి పశువుల పాకలో కూడా అవే. షార్జా నుంచి వస్తూ వస్తూ ఇల్లంతటికీ సరిపోను బోర్డులు మోసుకొచ్చాడట.

"మిక్సీ ఆడిదే, ఫ్రిజ్జు ఆడిదే, ఇస్త్రీ పెట్టె ఆడిదే" అన్నాడాయన గర్వంగా. "అన్నిటికి పిన్ను మార్చుడేంది, గోడనే మారిస్తె అయిపాయె గద."

ఆయన భార్య లోపల్నుంచి అందుకుంది. "అయిపాయె. ఉగాదికి జగిత్యాలల కూలర్ కొన్నం మేడం. ఇంట్ల ఒక్క దాంట్ల దూరుతలేదు. ఎండకాలమంత ఆ కూలరు మీద బట్టలారేసిన."

కరెంటు మధ్యాహ్నం వచ్చింది. నేను చార్జరు గోడకి పెట్టాను. టక్కున కూర్చుంది. ఎర్ర లైటు వెలిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లు బహ్రెయిన్‌లో రోజూ ఆ చప్పుడు విన్నాను, ఒక్కనాడూ పట్టించుకోలేదు.

కరెంటు రాగానే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చేశారు. గల్ఫు చార్జింగు లైట్లు, ఫోన్లు పట్టుకుని, ఒళ్లో బీడీల చాటలతో సహా. ఇళ్లలో మగవాళ్లు చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు, వాళ్లు పంపిన సామానుకి సరిపోయే కన్నాలు ఈ ఇంట్లోనే ఉన్నాయి. అందరూ గోడవారగా కూర్చుని, ఎవరి లైటు ఎక్కేదాకా వాళ్లు బీడీలు చుడుతున్నారు. చేతులు చూడకుండానే చుట్టేస్తున్నారు. నేను ప్రయత్నిస్తే ఆకు చిరిగింది, పొగాకు ఒడి నిండా పడింది. బాగా నవ్వుకున్నారు.

నా కెమెరా ఎందుకో తెలిసిపోయింది. "మాది గూడ జెర తియ్యవా అక్కా, మా ఆయనకు పంపాలె" అని ఒకావిడ మొదలుపెట్టింది. బ్యాటరీ బాగానే ఎక్కిందిగా, తీస్తానన్నాను. చీర సర్దుకుని నిలబడుతుందనుకుంటే, ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకుపోయి కొత్తగా వేసిన బోరు చూపించింది. నువ్వు కూడా నిలబడమంటే, "నేనెందుకక్కా, నన్ను సూడలేదా ఆయన" అంది. ఇంకొకావిడ సగం లేచిన గోడ తియ్యమంది. ఇంకొకావిడ బర్రెను తియ్యమంది, బర్రె కదిలిందని మళ్లీ తియ్యమంది. మస్కట్‌లో ఉన్నాయన ఏం అడిగితే అదే చూపిస్తున్నారు. ఆ మగవాళ్లు అడిగినవన్నీ వస్తువులే. ఒకావిడ బర్రెకి బొట్టు పెట్టింది, తన చెదిరిన జుట్టు సర్దుకోలేదు.

కాదనలేకపోయాను. ఒకరికి తీసి ఇంకొకరికి లేదని ఎలా అంటాం? తీసినవన్నీ గంగారెడ్డి తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. మళ్లీ చార్జింగు పెడదామని గోడ దగ్గరికెళ్లేసరికి కరెంటు పోయింది. గంగారెడ్డి భార్య చకచకా తిరిగి అన్ని ప్లగ్గులూ పీకేసింది. తెరలో బ్యాటరీ గుర్తు చూస్తే, జగిత్యాలలో దిగినప్పటి కంటే తక్కువుంది.

గంగారెడ్డి నా మొహం చూసి లేచాడు. ఒక నలుపలకల డబ్బాకి వైరు వేసి, వైరు చివర గుండ్రటి పిన్ను పెట్టి చేతికిచ్చాడు. "ఇగ ఏ గోడైనా మీదే మేడం. కరెంటు మాత్రం నేను ఇయ్యలేను." ఎంతివ్వమంటారంటే కాజా ఒకటి తీసుకుని చెయ్యూపాడు.

సిరిసిల్ల

వేములవాడ మీదుగా ఏదో ఒకటి పట్టుకుని చేరేసరికి గురువారం సాయంత్రమైంది. సిరిసిల్ల గురించి వెంకటేశం ఎన్నోసార్లు చెప్పాడు. ఊళ్లోకి అడుగుపెడితే చాలు, టకటకా టకటకా, నిద్రలో కూడా అదే వినిపిస్తుందని. నేను దిగిన ఊళ్లో కాకి అరుపు వినిపిస్తోంది. ఊరు తప్పు దిగానేమోనని ఇద్దర్ని అడిగాను.

సుగుణ సన్నగా, పొడుగ్గా ఉంది. నా కన్నా చిన్నదే అయినా నన్ను చూసిన దగ్గర్నుంచి ఆజ్ఞలు వేసింది. "కాళ్లు కడుక్కో అక్కా. చాయ్ తాగు. ముందుగాల గా సంచి దించు." షెడ్డులో సాంచె పచ్చ రంగు వేసి ఉంది, అక్కడక్కడా రంగు పోయి ఇనుము మెరుస్తోంది. సగం నేసిన తెల్లగుడ్డ దాని మీదే ఉండిపోయింది. నూలు కండెలు చుట్టడం ఆమె పని, సాంచె నడపడం అతని పనిట. నువ్వెప్పుడైనా నడిపావా అంటే, "మా ఇంట్ల ఆడోళ్లం దాని మీద చెయ్యెయ్యం. వైరు తగుల్తదని ఆయన దగ్గరికి రానియ్యకపోతుండె" అంది.

శుక్రవారం పొద్దున్నే ఇనుము కొనే ఖాజాభాయ్ చిన్న లారీతో వచ్చేశాడు. సంగతి విని షెడ్డు బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "తియ్యిండ్రి, తియ్యిండ్రి. కరెంట్ రానియ్యిండ్రి. నాకేం జల్దీ లేదు" అన్నాడు. ఆయనకి మధ్యాహ్నానికి కరీంనగర్లో ఉండాలని, ఎక్కడ రోడ్డాపుతారోనని భయమని డ్రైవరు చెప్పాడు.

రాత్రంతా రాని కరెంటు పొద్దున్నా రాలేదు. సుగుణ ఉప్మా పెట్టింది. రాలేదు. మళ్లీ చాయ్ పెట్టింది. చటుక్కున వచ్చింది. ఊరంతా ఒక్కసారి టకటకమంది, నేల అదిరింది, నేను అదిరిపడ్డాను. సుగుణ పక్కింట్లోంచి నడిపేవాణ్ణి కేకేయడానికి పరుగెత్తింది. అతను వచ్చేలోపు కాస్త ఎక్కుతుందని నేను కెమెరాలోంచి బ్యాటరీ తీసి చార్జరులో పెట్టాను. పక్కింటాయన వచ్చి మోటారు వేశాడు. సాంచె నడిచింది! దారాల మధ్య కండెను మోసే నాడె అటూ ఇటూ ఎగురుతోంది. "తియ్యక్కా, తియ్యి!" అని సుగుణ అరుస్తోంది. ఏం తియ్యను, బ్యాటరీ గోడకుంది. పీక్కొచ్చి కెమెరాలో పెడదామంటే కంగారులో తిరగేసి పెట్టాను. మళ్లీ తీసి సరిగ్గా పెట్టాను. మీట నొక్కేలోపు ఊరు మళ్లీ కాకి అరుపు దగ్గరికి వచ్చేసింది.

సాంచె నడవడానికి కావలసిందీ, నా కెమెరాకి కావలసిందీ ఆ ఒక్క కరెంటే. అది ఉంటే ఇది లేదు, ఇది ఉంటే అది లేదు. అప్పుడు నిజంగా ఏడ్చాను. పక్కింటాయన తన సాంచె దగ్గరికి వెళ్లిపోయాడు. సుగుణ గుడ్డతో సాంచె మీద దుమ్ము తుడుస్తోంది, ఇంకాసేపట్లో తూకానికి పోయేదాన్ని.

ఖాజాభాయ్ స్టూలు మీంచి లేచాడు. చొక్కా చేతులు మడిచాడు.

"చక్రం ఉన్నది గద అమ్మా. మోటారు లేకుంటె చెయ్యితోని తిరగదా? రోజు ఇప్పుతనే ఉన్న గివ్విటిని, నాకు తెల్వదా."

ఆయన సాంచె పక్కనున్న ఇనుప చక్రం రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. దారాలు పైకీ కిందికీ విడివడ్డాయి. కానీ అంత మెల్లగా తిప్పితే నాడెకి ఊపు చాలదు, సగం దూరం వెళ్లి ఆగిపోయింది. సుగుణ ఒక్క క్షణం నిలబడింది. కొంగు నడుముకి బిగించి, దారాల మధ్య చెయ్యి పెట్టి, నాడెను అటువైపుకి తోసింది. ఆయన తిప్పాడు. టక్. ఆమె తోసింది. ఆయన తిప్పాడు. టక్.

నేను మీట నొక్కాను. తెర మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది. సాంచె కోసం పక్కకి జరుగుదామంటే గోడ అడ్డం. ఎటు చూసినా సుగుణ వీపు, సుగుణ చేతులు, నుదుటి మీద చెమట. "కొంచెం జరగమ్మా" అనబోయి ఆగాను, నా గొంతు వీడియోలో పడుతుందని. ఒకసారి నాడె సూటిగా వెళ్లింది, చెయ్యి వెయ్యకుండానే. ఆమె నా వైపు తిరిగి నోరారా నవ్వింది. కెమెరా అక్కడే ఆరిపోయింది.

ఎంత నేశారని చూస్తే గుడ్డ అంగుళం కూడా పెరగలేదు. సుగుణ కత్తెర తెచ్చి ఆ గుడ్డంతా కోసి మడత పెట్టుకుంది. ఖాజాభాయ్ తన మనుషుల్ని పిలిచాడు. విప్పుతుంటే ఆమె షెడ్డులో లేదు, వంటింట్లో వాళ్లందరికీ అన్నం వండుతోంది. సాయంత్రం కరెంటు నిలబడ్డాక నెట్ సెంటర్లో వీడియోని చిన్న కార్డులోకి ఎక్కించారు. బహ్రెయిన్ వెళ్తున్న పక్క ఊరు తంగళ్ళపల్లి ఆయన పచ్చడి డబ్బాతో పాటు దాన్నీ తీసుకెళ్లాడు.

కాకినాడ

ఇంటికొచ్చి కొత్త పిన్ను కొనుక్కున్నాను. మనసు మాత్రం కుదురుగా లేదు. అతను అడిగింది నడిచే సాంచె, ఊరంతా మోగే ఆ చప్పుడు. నేను పంపింది ఒక ముసలి ఇనుము మూలుగు, దానికడ్డంగా ఒక మనిషి. ఆ సాంచె ఇక లేదు, మళ్లీ తీద్దామన్నా కుదరదు. ఫోన్ చేసి చెప్పుకుందామా, అతనే చేస్తాడులే అని ఊరుకుందామా తేలక రోజులు గడిపాను. చివరికి అతనే చేశాడు.

"మేడం, వీడియో అచ్చింది. సాంచె తియ్యమంటె మా సుగుణను తీసిండ్రేంది? సాంచె ఏడ కనబడ్తలేదు. మొత్తం అదే అడ్డం ఉన్నది."

తప్పయిపోయిందన్నాను. కరెంటు లేదనీ, చోటు లేదనీ, బ్యాటరీ లేదనీ చెప్పుకుంటూ పోయాను. అతను విన్నాడో లేదో తెలియదు.

"గింత సన్నబడ్డదేంది మేడం? ఫోన్ల మంచిగనే ఉన్న అంటది. నాలుగేండ్లాయె నేను సూడక." అంతలోనే కోపం తెచ్చుకున్నాడు. "నాడెను గట్ల తోస్తరా ఎవలన్న? చెయ్యి పోతది. చెప్పుండ్రి దానికి." ఆ కోపం ఎంతోసేపు లేదు. "నవ్వినప్పుడు అయిపోయింది మేడం. గా నవ్వినకాడనే అయిపోతది."

ఇంకోటి తీసి పంపమంటావా అన్నాను, ఏం తియ్యాలో నాకే తెలియకుండా.

"అద్దు, గదే మంచిగున్నది. మేడం, మల్ల చేస్త, ఫోన్ బందయేటట్టున్నది. పొద్దుగాలనే ఫుల్లు చార్జింగ్ పెట్టిన. డ్యూటీల కూసొని గదే సూస్తున్న, మాపటికి అయిపోతది. దినాం గిదే కథ."

అక్కడ కరెంటు ఎప్పుడూ పోదు. నాకు తెలుసు, ఆరేళ్లున్నాను. ఫోను మాత్రం మాట మధ్యలోనే ఆగిపోయింది.